ఉగాది నాటి రెండు ట్రిప్పులు

ఒరేయ్ శీనూ,

ముందు కోప్పడకు. పాప పుట్టినరోజుకు రాలేదు, ఫోన్ కూడా చేయలేదు. తప్పే. రెండుసార్లు ఉత్తరం మొదలుపెట్టి ఆపేశాను. నాన్న కంటి ఆపరేషన్ అయింది, మళ్ళీ పేపర్ చదువుతున్నారు. నా బదిలీ సంగతి ఇంకా తేలలేదు. పిల్లలు బాగున్నారు. మిగతా కబుర్లు తర్వాత. నాలుగు రోజులుగా నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను, అసలు విషయం ఇది: మొన్న శుక్రవారం మున్సిపల్ కౌన్సిల్ మీటింగులో మా వదిన లేచి మాట్లాడింది.

అవునురా, మా వదినే. నువ్వు మా ఇంట్లో రెండు రోజులుండి, వెళ్ళేటప్పుడు బస్టాండులో 'మీ వదిన గొంతు ఎలా ఉంటుందో తెలియలేదురా' అన్నావు చూడు, ఆ వదిన.

2021 మార్చి ఎన్నికల్లో మా వార్డు జనరల్ మహిళకు వచ్చింది. అన్నయ్య ఆమెను నిలబెట్టాడు, గెలిచింది. అప్పటి నుంచి మీటింగుకు వెళ్ళడం, రిజిస్టర్‌లో సంతకం పెట్టడం, టీ తాగి రావడం. పనులన్నీ అన్నయ్యే చూసేవాడు. ఊళ్ళో 'కౌన్సిలర్ గారు' అంటే అన్నయ్యే. నేను కూడా అలాగే అనుకున్నాను, నాలుగేళ్ళు. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంది.

ఈ 2025 వేసవి ఎలా గడిచిందో నీకు తెలియదు కదా. సాగర్ కాలువకు నీళ్ళు కట్టేశారు, సమ్మర్ స్టోరేజీ ట్యాంకులో నీళ్ళు అడుగంటాయి, కుళాయి నాలుగు రోజులకొకసారి. మా వీధి చివర బోరుంది కదా, నువ్వు కాళ్ళు కడుక్కున్న చోటు, దాని మోటారు సంక్రాంతికి ముందే కాలిపోయింది. ఎప్పుడడిగినా 'ఫండ్స్ లేవు' అన్నారు. ఇక ట్యాంకరే దిక్కు. ట్యాంకర్ వచ్చిందంటే బిందెలు పట్టుకుని ముందు పరుగెత్తేది వదినే. కౌన్సిలర్ కదా, నీళ్ళు ఇంటికే తెప్పించుకోవచ్చు. ఒక్కసారి కూడా తెప్పించుకోలేదు.

వంటింటి తలుపు పక్కన అన్నయ్య ఎరువుల కొట్టు క్యాలెండర్ ఉంటుంది, లక్ష్మీదేవి బొమ్మది. పాల లెక్క, గ్యాస్ బుక్ చేసిన తేదీ, చాకలి పద్దు, అన్నీ దాని మీదే. ఈ వేసవిలో వదిన ఇంకొకటి మొదలుపెట్టింది. ట్యాంకర్ వచ్చిన రోజు గడిలో మూలగా 'ట్యా' అని, పక్కన ఎన్ని ట్రిప్పులో అంకె. రాని రోజు 'రాలేదు'. ఏప్రిల్ కాగితం నేను దగ్గరగా చూశాను. కొన్ని గళ్ళలో పసుపు వేలిముద్ర ఉంది. వంట మధ్యలో వచ్చి రాసినట్టుంది.

మీటింగుకు మూడు రోజుల ముందు ఎజెండా వచ్చింది. నలభై ఒక్క అంశాలు. ఇరవై ఏడోది 'వేసవి నీటి ఎద్దడి నివారణ నిమిత్తం అద్దె ట్యాంకర్ల ద్వారా జరిపిన నీటి సరఫరాకు అయిన మొత్తం చెల్లింపునకు కౌన్సిల్ వారి ఆమోదం నిమిత్తం'. మొత్తం అంకె ఒక్కటే ఉంది, ఏ వార్డుకు ఎన్ని ట్రిప్పులో లేదు. ఎప్పుడూ అన్నయ్య ఆ కాగితాలు తిరగేసి 'సంతకం పెట్టెయ్' అంటాడు. ఈసారి సరుకు కోసం గుంటూరు వెళ్ళాడు. వదిన కాగితాలన్నీ తనే కూర్చుని చదివింది. మర్నాడు ఆఫీసుకు వెళ్ళి, ట్యాంకర్ ఏ రోజు ఎన్నిసార్లు వచ్చిందో రాసే ట్రిప్ షీట్లు చూపించమంది. జెరాక్స్ ఇవ్వం అన్నారట. సరేనని మా పాప లాంగ్ నోట్‌బుక్‌లో అక్కడే కూర్చుని మా వార్డువన్నీ చేత్తో రాసుకుంది. రెండున్నర గంటలు పట్టిందట.

మీటింగు ముందు రాత్రి నా దగ్గరకు వచ్చి 'చిన్నా, రేపొకసారి తోడు వస్తావా?' అంది. ఎందుకని అడగలేదు. ఆ నోట్‌బుక్ చూశాక నాకు నిద్ర పట్టలేదు. శీనూ, ఇదీ మన అరటిపళ్ళ రిజిస్టరేరా! రానివి వచ్చినట్టు రాయడం, అచ్చం అదే. అంతకంటే నీకు చెప్పక్కర్లేదు.

హాల్లో విలేఖరుల వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఒక్కో అంశం చదవడం, 'ఆమోదం, ఆమోదం' అనడం. ఇరవై ఆరు అంశాలు ఎంతసేపట్లో అయిపోయాయో తెలుసా? పావుగంట కూడా కాలేదు. ఊరి డబ్బు అంతా అలా వెళ్ళిపోతుంటే ఒక్కరు తల ఎత్తరేంరా? ఇరవై ఏడు చదివారు. వదిన లేచింది. చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, ఒక చేతిలో నోట్‌బుక్, ఇంకో చేతిలో చుట్టిన క్యాలెండర్ కాగితాలు. చేతులు వణుకుతున్నాయి, నాకు వెనక నుంచి కనిపిస్తోంది. నువ్వు పక్కనుంటే బల్ల కింద నా కాలు తొక్కేవాడివి, ఆ రోజులాగే.

'మా వార్డుకు మార్చి, ఏప్రిల్ కలిపి యాభై ఎనిమిది ట్రిప్పులు రాశారు. వచ్చినవి ఇరవై ఆరు' అంది. మొదట గొంతు సరిగా వినపడలేదు. పెద్దగా చెప్పమన్నారు. మళ్ళీ చెప్పింది. అప్పుడు హాలంతా వినిపించింది.

పెద్దమనిషి ఒకాయన నవ్వుతూ, 'అమ్మా, మీవారిని ఒకసారి రమ్మనండి, కూర్చుని మాట్లాడదాం' అన్నాడు.

వదిన ఏమందో తెలుసా? 'ఆయనకు ఈ లెక్క తెలియదండీ. నీళ్ళు పట్టుకునేది నేను.'

శీనూ, నాకు అక్కడే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తర్వాత ఒక్కొక్క తేదీ చదివింది. ఉగాది దగ్గరకు వచ్చింది. మార్చి 30, ఆదివారం. షీటులో ఆ రోజు మా వార్డుకు రెండు ట్రిప్పులు. క్యాలెండర్ గడిలో 'రాలేదు'. 'పండగ పూట తలంటుకు నీళ్ళు లేక పక్క వీధి బోరు దగ్గర క్యూ కట్టాం. మా వీధిలో ఎవరినైనా అడగండి' అంది. షీటు కింద సంతకం ఎవరిదని అడిగింది. జవాబు లేదు. ట్రిప్పుకు ఏడు వందల లెక్కన, రాని ముప్పై రెండు ట్రిప్పులకు ఇరవై రెండు వేల నాలుగు వందలు. 'మా మోటారు రీవైండింగుకు, పైపులు పైకి లాగే కూలీకి కలిపి పదిహేను వేలు దాటదన్నాడు మెకానిక్. జనవరి నుంచి అడుగుతున్నాను. ఫండ్స్ లేవన్నారు' అంది.

ఇది ఏ పద్దు నుంచి ఇస్తున్నారని అడిగింది. జనరల్ ఫండ్ అన్నారు, అంటే మున్సిపాలిటీ సొంత డబ్బు. అప్పుడామె ఇంకో మాట అడిగింది. అది నేను నేర్పిందని అందరూ అనుకుంటున్నారు, కాదు, తనే ఎక్కడో చదువుకుంది. 2021 నుంచి 2026 దాకా కేంద్రం ఇచ్చే పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంటు ఉంది కదా, మనలాంటి ఊళ్ళకు అందులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలి, అందులో సగం నీళ్ళది. 'ఆ సగంలో మా బోరుకు చోటెందుకు లేదు?' రాజ్యాంగం 74వ సవరణతో పన్నెండో షెడ్యూలులో 18 పనులు రాసి పెట్టారు మున్సిపాలిటీలకు, నీటి సరఫరా వాటిలో ఒకటి. మనం డిగ్రీలో పరీక్ష కోసం బట్టీ పట్టాం. వదిన దాన్ని బోరు దగ్గర నిలబడి అర్థం చేసుకుంది.

ఆమె కూర్చోగానే ఇంకొకామె లేచింది, వేరే పార్టీ. తన వార్డులో కాలువ పూడిక తీశామని బిల్లు పెట్టారట, ఆ కాలువ మీద ఇప్పుడు దుకాణం ఉందట. తర్వాత ఇంకో ఇద్దరు. మూడుసార్లు గెలిచిన ముసలాయన ఒకరున్నారు, నోరు విప్పని మనిషి, ఆయన లేచి 'టేబుల్ ఎజెండా కింద అప్పటికప్పుడు కాగితాలు పెట్టడం మానాలి, ఏది వచ్చినా మూడు రోజుల ముందు మా చేతికి రావాలి' అన్నారు. గోల గోల. చివరకు ఇరవై ఏడో అంశం వాయిదా వేశారు, అన్ని వార్డుల ట్రిప్ షీట్లు సరిచూడాలని రాశారు. వదిన అక్కడితో ఊరుకోలేదు. తను అడిగింది మినిట్స్‌లో అక్షరం పోకుండా రాయమంది. రాసేదాకా నిలబడే ఉంది.

నాకు గర్వంగా ఉంది. భయంగానూ ఉంది. ఆ రాత్రి ఇద్దరు మనుషులు అన్నయ్య కోసం వచ్చారు, పేరు చెప్పలేదు, గేటు దగ్గరే నిలబడి వెళ్ళిపోయారు. శనివారం అన్నయ్య గుంటూరు నుంచి వచ్చాడు. అప్పటికే ఎవరో ఫోన్ చేసి అంతా చెప్పారు. వదినతో మాట్లాడలేదు. కొట్టు లైసెన్సు, ఇంటి ప్లాను, అన్నీ ఆ ఆఫీసుతోనే కదా, ఆయన టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఆదివారం భోజనాల దగ్గర కూడా ఏమీ అనలేదు. సోమవారం పొద్దున నేను వంటింట్లోకి వెళ్తే అన్నయ్య క్యాలెండర్ ముందు నిలబడి మార్చి కాగితం చూస్తున్నాడు. నన్ను చూసి 'ఉగాది రోజు నేనెక్కడున్నాన్రా?' అన్నాడు. కొట్లోనే ఉన్నావు అన్నాను. ఇంకేమీ అడగలేదు. ఆయన మనసులో ఏముందో...

వచ్చే మార్చితో పదవీకాలం అయిపోతుంది. ఈ పది నెలల్లో ఏం చేయగలదో, మళ్ళీ నిలబడనిస్తారో లేదో. నిన్న పక్క వార్డు కౌన్సిలరమ్మ వచ్చి నోట్‌బుక్ ఎలా రాయాలో చూపించమంది. ఇద్దరూ వసారాలో కూర్చుని గళ్ళు గీసుకున్నారు. నువ్వు ఆడిటాఫీసులో ఉన్నావు కదా, ట్యాంకర్ బిల్లుకు లాగ్ బుక్ కాకుండా ఇంకేం కాగితాలు ఉండాలో వివరంగా రాయి. వదిన అడగమంది. నేను కాదు, వదినే అడిగింది, 'శీను గారికి రాయి' అని. నీ గురించి ఇంట్లో ఆమె నోట విన్న మొదటి మాట ఇదే అనుకుంటా.

మోటారు సంగతి చెప్పలేదు కదూ. మంగళవారం మెకానిక్ వచ్చి పైపులు లాగాడు, కానీ డబ్బు ఎవరిస్తారో ఇంకా

శీనూ, మా బావమరిది బయలుదేరుతున్నాడు, కింద హారన్ కొడుతున్నాడు. ఈ కవరు, మామిడికాయల సంచీ వాడి చేతికిస్తున్నాను. పైనున్నవి పచ్చివి, పప్పులోకి. కిందవి గడ్డిలో పెట్టండి. పాపకు ముద్దులు. ఆ కాగితాల సంగతి మరిచిపోకు.

నీ
చిన్నా