శిక్ష తక్కువైందని అడిగే హక్కు మాకెందుకు లేదు, మంత్రి గారూ?

రాష్ట్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. 2019లో మా తమ్ముడు రాత్రంతా రొయ్యల గుంటల దగ్గర కాపలా కాసి, తెల్లారి బైకు మీద ఇంటికొస్తుంటే హైవే మీద వెనక నుంచి కారు గుద్దేసింది. అక్కడే పోయాడు. కేసు ఆరేళ్లు నడిచింది. వాయిదా ఉన్న రోజల్లా మా నాయన కాగితాలన్నీ బట్టల షాపు కవర్లో పెట్టుకుని పొద్దున్నే బస్సెక్కేవాడు.

నేరం రుజువైంది. శిక్ష ఏంటంటే కొంత జరిమానా, ఆ రోజు కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోవడం. కారు నడిపినాయన వెనక బెంచీ మీద కూర్చున్నాడు, సాయంత్రం లేచి వెళ్లిపోయాడు. మా నాయన కదల్లేదు. "ఇంకా ఏమన్నా చెప్తారేమోనమ్మా, ఉందాం" అన్నాడు.

జడ్జి గారికి దురుద్దేశం ఉందని నేను అనడం లేదు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరానికి అప్పటి ఐపీసీ 304ఏ సెక్షన్ ప్రకారం రెండేళ్ల దాకా జైలు వేయొచ్చు, ఉత్త జరిమానాతోనూ సరిపెట్టొచ్చు. ఎక్కడ ఆగాలో చెప్పే మార్గదర్శకాలు లేవు, అవి కావాలని నేర న్యాయ వ్యవస్థలో మార్పుల కోసం కేంద్రం వేసిన మలిమత్ కమిటీ 2003లోనే చెప్పినా. తీర్పు కాపీలో నిందితుడి వయసు, కుటుంబ బాధ్యతలు చూశామని రెండు లైన్లున్నాయి. తండ్రి పోయేనాటికి నాలుగేళ్లున్న మా తమ్ముడి కూతురి ఊసే లేదు.

అప్పీలు వేద్దామని వెళ్తే మా వకీలు గారు "మీరు వేయలేరమ్మా, సర్కారే వేయాలి" అన్నారు. నిందితుణ్ణి నిర్దోషి అని వదిలేస్తే మేం పైకోర్టుకు వెళ్లొచ్చట, పరిహారం చాలకపోయినా వెళ్లొచ్చట, శిక్ష చాలకపోతే మాత్రం వెళ్లకూడదట! 2020లో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టమూ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) దీన్ని మార్చలేదు.

అంటే ఆ హక్కు మీ చేతిలోనే ఉంది. ఇలాంటి కేసులోనే పంజాబ్ ప్రభుత్వం అప్పీలుకు వెళితే, 24 రోజులకు కుదించిన జైలుశిక్షను సుప్రీంకోర్టు 2015లో ఆరు నెలలు చేసింది. మా విషయంలో "ఫైలు పైకి పంపాం" అన్నారు, అంతే, చేతికి ఒక్క కాగితం రాలేదు.

బాధితులకు ఈ హక్కు ఇమ్మని కేంద్రానికి రాయండి. అది వచ్చేదాకా, శిక్ష చాలదని ఏ కుటుంబం అర్జీ పెట్టినా అప్పీలు వేస్తారో వేయరో, వేయకపోతే ఎందుకో, గడువు దాటకముందే రాసి ఇప్పించండి. మా నాయన ఇంకా ఆ కవరు తీసి లోపల పెట్టలేదు.

ఇట్లు,
కావలి నుంచి ఒక అక్క