పిపెట్టుకి, ఓపీ హాల్లోంచి

ఒరేయ్ పిపెట్టూ,

నీ రెండు ఉత్తరాలకి జవాబు బాకీ ఉన్నాను. తిట్టుకో, కానీ ముందు ఇది చదువు. వాయిస్ మెసేజ్ పెడదామని మూడుసార్లు నొక్కాను, గొంతు పెగల్లేదు. అందుకే కాగితం. చిన్నది ఒకటో తరగతిలో చేరింది, నా ఉద్యోగం ఎప్పట్లాగే ఏడుస్తోంది. అంతే, ఇక అసలు సంగతి.

నాన్నకి బుగ్గలో పుండు తీసేశారని ఫోన్లో చెప్పాను కదా. అంతా ఖైనీ పుణ్యం. చెప్పనిది ఒకటుంది. మెడలో ఎడమవైపు గడ్డ ఒకటి పెద్ద నరానికి అంటుకుపోతే, ఆ నరాన్ని కూడా తీసేశారు. మనం అన్నిటినీ నరమే అంటాం గానీ అది సిర అట, జుగులర్ వెయిన్. తలలోంచి రక్తాన్ని గుండెకి దించేది. 1906లో క్రైల్ అనే అమెరికా సర్జన్ మెడలో గడ్డలు తీసే ఈ ఆపరేషన్ గురించి రాశాక, చాలా ఏళ్లు ఆ సిరని ఎలాగూ తీసేసేవాళ్లట. ఇప్పుడు వీలైతే ఉంచుతారు. నాన్నకి వీలు కాలేదు.

ఇంటికొచ్చిన మూడో రోజు పొద్దున్నే చూస్తే మొహం బూరెలా ఉందిరా! ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. కళ్లజోడు పెడితే కాడ చెంపలో దిగబడి అచ్చు పడింది. అత్తయ్య వెంటనే "నంజు చేసింది, ఎవరో వంకాయ పెట్టుంటారు" అంది. ముక్కు గొట్టంలోంచి వంకాయ ఎలా వెళ్తుందిరా బాబూ! నవ్వాలో ఏడవాలో తెలీక ఆటో పిలిచాను.

తమాషా ఏంటంటే, ఆస్పత్రిలో రెండు గంటలు కుర్చీలో కూర్చునేసరికి ఆ అచ్చు సగం పోయింది.

రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ చేసింది కుర్ర డాక్టరు. పడుకోబెట్టి కుడివైపు మెడకి జెల్ రాస్తే, తెర మీద సిర లావుగా, ఈదురుగాలి లాంటి చప్పుడుతో కనబడింది. తర్వాత కూర్చోబెట్టాడు. అంతే, ఖాళీ సంచిలా చప్పబడిపోయింది! ఉన్న ఒక్కటీ పోయిందని నాకు చెమటలు. డాక్టరు నవ్వి, ఎవరికైనా అంతేనండీ అన్నాడు. పడుకున్నప్పుడు తలలోని రక్తం ఎక్కువగా జుగులర్‌లోంచే దిగుతుందట, లేచి కూర్చుంటే అది ముడుచుకుని వెన్నెముక చుట్టూ ఉన్న చిన్న సిరలు ఆ పని అందుకుంటాయట. నాన్నకి ఒకవైపు దారి లేదు కాబట్టి రాత్రంతా పడుకుంటే నీరు చేరుతోంది. పక్క దార్లు అలవాటు పడేదాకా ఇలాగే ఉంటుంది, తల ఎత్తులో పెట్టి పడుకోబెట్టండి అన్నాడు.

నాన్న పలక అందుకున్నాడు. మాట రాదుగా. రాసింది చూడు: "మెయిన్ కాలువ కట్టేశారు. నీళ్లు బోదెలు పట్టాలి. టైం పడుతుంది."

ముప్పై ఏళ్లు కాలువ మీద లష్కరుగా షట్టర్లు తిప్పి నీళ్లు వదిలిన మనిషి మరి! డాక్టరుది ఆదిలాబాద్ వైపట, "బోదె అంటే ఏంటి సార్" అని అడిగాడు. పొలాలకి నీళ్లు తీసుకెళ్లే పిల్లకాలువ అని నాన్న పలక తుడిచి బొమ్మ గీసి మరీ చెప్పాడు. నాకు లాకుల దగ్గర నీ ఎడమ చెప్పు సంగతి గుర్తొచ్చి అక్కడే కిసుక్కున నవ్వాను. నువ్వు ఇప్పటికీ ఒప్పుకోవు గానీ అది తోసింది నువ్వే.

ఇప్పుడు మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టాం. వాపు రోజురోజుకీ తగ్గుతోంది. అత్తయ్య మాత్రం వంకాయ మానేసినందుకే అంటోంది.

ఒక్కటే గుచ్చుతోందిరా. కుడివైపు కూడా గడ్డలొస్తే అని అడిగాను. రెండు వైపులా సిర ఒకేసారి పోతే తలలో ఒత్తిడి పెరుగుతుంది, కళ్లకి కూడా ప్రమాదం, అందుకే ఒక్కటైనా కాపాడాలని చూస్తాం అన్నాడు. చూస్తాం అన్నాడు గానీ... సరే, వదిలేయ్.

రేడియేషన్ ఉంటుందో లేదో ఇవాళ చెప్తారు. నాన్న పక్కనే కూర్చుని, ఎవరికి రాస్తున్నావని పలక మీద అడిగాడు. నీ పేరు చెప్పగానే ఒక చెప్పు బొమ్మ గీశాడు, చూశావా, ఆయనకీ తెలు

టోకెన్ పిలిచారు. ఉంటా.