నీళ్ళ మీద వేసిన నింద

దిల్‌సుఖ్‌నగర్,
హైదరాబాదు.

ప్రియమైన మిత్రమా,

మొన్న ఆదివారం నువ్వు ఫోన్ చేసి, మా అమ్మాయి ఫోటో చూసిన సంగతి చెప్పి, అడగనా వద్దా అని కాసేపు నసిగి, చివరికి "అంత చిన్నపిల్లకు స్టీలు పళ్ళేమిట్రా, మీ ఊరి నీళ్ళ పుణ్యమేనా?" అన్నావు. అప్పుడు నేను కిక్కిరిసిన సిటీ బస్సులో నిలబడి ఉన్నాను. పైగా అది ఒక్క ముక్కలో తేలే ప్రశ్న కాదు. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. హాస్టల్లో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నవాళ్ళం కనుక, నవ్వు వచ్చినప్పుడల్లా నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం నీకు తెలుసు. ఎందుకని నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు. అడగనందుకు నీ మీద ఎంత అభిమానం ఉండేదో ఇన్నేళ్ళకు చెబుతున్నాను.

నీళ్ళని అనుకోవడంలో నీ తప్పేమీ లేదు. మేమూ రెండు తరాల పాటు అదే అనుకున్నాం. మాది నల్లగొండ వైపు పల్లె కదా. అక్కడి బావుల్లో, బోర్లలో ఫ్లోరైడు ఎక్కువని లోకమంతటికీ తెలుసు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే చోట, అంతకు ఎన్నో రెట్లు ఉన్న నీళ్ళు తాగి పెరిగినవాళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళ నిండా ఉన్నారు. నీళ్ళలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి ఏకంగా మా జిల్లా పేరే పెట్టేశారంటే చూసుకో. అలాంటి ఊళ్ళో గార పట్టిన పళ్ళు ఎవరికి వింత? మా నాయన పళ్ళు గోధుమరంగులో ఉండి, ముప్పై ఏళ్ళకే చిగుళ్ళ దాకా అరిగిపోతే, పాపం నీళ్ళ దెబ్బ గట్టిగా తగిలింది అన్నారు. నా పళ్ళు కూడా అలాగే వచ్చేసరికి ఆ మాటకు సాక్ష్యం కూడా దొరికినట్టయింది.

కానీ ఆ లెక్క తప్పని చెప్పే మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు, మేమే చూడలేదు. మా పెదనాయనదీ అదే బావి, అదే కుండ. ఆయన పళ్ళ మీద సుద్ద చారలు, గోధుమ మచ్చలు ఉంటాయి. అయినా డెబ్భై దాటాక కూడా ఆదివారం పూట నల్లి బొక్కను పటపటమని కొరికి మూలుగ పీల్చేవాడు. పక్కన కూర్చున్న మా నాయన మాత్రం అన్నంలో పులుసు పోసుకుని మెత్తగా పిసుక్కుని తినేవాడు. ఫ్లోరైడు దెబ్బ తీసేది పైనున్న ఎనామెల్‌ను, అదీ చిన్నతనంలో పన్ను తయారయ్యే రోజుల్లో. మరీ ఎక్కువైతే ఆ పొర గుంటలు పడి రాలుతుంది కూడా. కానీ పళ్ళు వచ్చిన కొద్ది కాలానికే ఇంటిల్లిపాదిలో ఇద్దరికి మాత్రమే మొదలంటా అరిగిపోవడం నీళ్ళు చేసే పని కాదు.

నాకు కనువిప్పు కలిగించింది మా అమ్మాయి మొదటి పన్ను. అది పుట్టింది ఇక్కడే, తాగింది మంజీరా, కృష్ణా నీళ్ళు. ఎనిమిదో నెలలో కింది చిగురు మీద రెండు పళ్ళు పొడుచుకొస్తే ఇంట్లో పండుగ చేసుకోవాల్సింది పోయి, నేనూ మా ఆవిడా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పాలలో సిరా చుక్క కలిపితే వచ్చే రంగు ఉంటుందే, అచ్చం అది. టార్చిలైటు వేసి చూస్తే కొమ్ము గుండీలాగా లోపలి నుంచి వెలుగు వస్తోంది. ఫ్లోరైడు మచ్చలు పాల పళ్ళ మీద అంతగా కనిపించవని అప్పటికే ఎక్కడో చదివి ఉన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత మేము తిరిగిన క్లినిక్కుల గురించి క్లుప్తంగానే చెబుతాను. ఒకాయన నా నోట్లోకి తొంగి చూసి, గుట్కా ఎన్నేళ్ళుగా నములుతున్నారు అని అడిగాడు. వక్కపలుకు కూడా కొరకలేని నోరు నాది! మరొకాయన పళ్ళు తెల్లబరిచే చికిత్సకు ప్యాకేజీ చెప్పాడు. మా రంగు పైన పట్టిన మురికి కాదు, లోపలి నుంచి కనిపించే రంగు. దాన్ని పైపైన తోమి, తెల్లబరిచి పోగొట్టడం గోడ లోపలి చెమ్మకు బయట సున్నం కొట్టడం లాంటిది. చివరికి పిల్లల దంతవైద్యురాలు ఒకామె దొరికింది. ఆమె పాప నోరు చూసి, నన్నూ నోరు తెరవమని, దవడ మొత్తం పడే ఓపీజీ ఎక్స్‌రే నాకు తీయించి, తెర మీద చూపిస్తూ ఆ పేరు చెప్పింది: డెంటినోజెనిసిస్ ఇంపర్ఫెక్టా. నలభై ఏళ్ళు నోట్లో పెట్టుకుని తిరిగిన దాని పేరు నేను మొట్టమొదటిసారి విన్నది అప్పుడే.

ఆ ఎక్స్‌రేలో కనిపించినదాన్ని నాకు చేతనైనంతలో వర్ణిస్తాను. మామూలు పన్ను మధ్యలో నరం, రక్తనాళాలు ఉండే గది ఒకటి నల్లగా కనిపించాలి. నా పళ్ళలో ఆ గది దాదాపు పూడుకుపోయింది. పైభాగం ఉబ్బెత్తుగా, చిగురు దగ్గర నొక్కేసినట్టుగా, కింద వేరు పొట్టిగా ఉంది. ఒక్కొక్క పన్నూ చిగురులో గుచ్చిన బొంగరంలా ఉందంటే నమ్ము. పంటిలో ఎక్కువ భాగం డెంటిన్. దాని బరువులో దాదాపు 70 శాతం ఖనిజం, మిగిలింది కొల్లాజెన్ వంటి మాంసకృత్తులు, నీరు. మా వంటివాళ్ళలో ఆ డెంటిన్ పోత సరిగా కుదరదు. ఖనిజం తగ్గుతుంది, నీరు పెరుగుతుంది, పదార్థం మెత్తబడుతుంది. పైనున్న ఎనామెల్‌లో సాధారణంగా దోషం ఉండదు. పాపం, దానికి పట్టు దొరకదు. చెమ్మ గోడకు పూసిన గచ్చులాగా అది పెచ్చులూడిపోతుంది. ఇక బయటపడిన డెంటిన్ ఎదుటి పంటి రాపిడికి సబ్బు బిళ్ళలా అరుగుతుంది. హాస్టల్ మెస్సులో రాళ్ళ బియ్యం తిన్న ఒక రాత్రి నా పైపన్ను పెంకు ఊడి కంచంలో టక్కున పడితే, నువ్వు దాన్ని రాయి అనుకుని మెస్సువాడితో పోట్లాడావు, గుర్తుందా? అది రాయి కాదు. చెప్పడానికి సిగ్గుపడి ఊరుకున్నాను.

మనకు ఊరట కలిగించే సంగతి కూడా ఒకటుంది. ఇవి పుచ్చు పళ్ళు కావు. డెంటిన్‌లోని సన్నని గొట్టాలు సరిగా ఏర్పడక, చాలావరకు మూసుకుపోయి ఉంటాయి కనుక, అంతగా అరిగినా చల్లనీళ్ళు తాగితే మిగతావాళ్ళలా జివ్వున లాగదు. అయితే పుచ్చు లేకుండానే వేరు కొసన చీము పట్టడం ఉంటుంది. అప్పుడు రూట్ కెనాల్ చేద్దామంటే దారి పూడుకుపోయి ఉంటుంది. పీకుదామంటే పన్ను ముక్కలుగా విరుగుతుంది. నాకు రెండూ అనుభవమే.

డాక్టరమ్మ ఆ రోజు పళ్ళను వదిలేసి ఇంకేవో అడిగితే నాకు ఆశ్చర్యం వేసింది. మీ ఇంట్లో చిన్న దెబ్బకే ఎముకలు విరిగినవాళ్ళున్నారా, కళ్ళలో తెల్లగుడ్డు నీలంగా ఉందా, చెవుడు ఉందా అని. ఎముకలు పెళుసుబారే ఒక జబ్బులో కూడా పళ్ళు ఇలాగే వస్తాయట. 1973లో షీల్డ్స్ అనే ఆయన చేసిన విభజనలో అది మొదటి రకం. ఎముకలకు సంబంధం లేకుండా పళ్ళకే పరిమితమయ్యే మాది రెండవ రకం. అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఒక సమూహంలో గుర్తించినది మూడవది. ఇలాంటి పళ్ళున్న పిల్లలు కనబడితే ఎముకల సంగతి విచారించకుండా వదలకూడదని ఆమె గట్టిగా చెప్పింది.

ఇక అసలు విషయం, ఇంట్లో గొడవ రేపిన విషయం. ఇది ఎక్కడి నుంచి వచ్చింది? నాలుగవ క్రోమోజోము మీద డీఎస్‌పీపీ అనే జన్యువు ఉంది. డెంటిన్‌లో ఖనిజం సరిగా కుదురుకోవడానికి కావలసిన మాంసకృత్తులు దాని నుంచే తయారవుతాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే రెండు ప్రతుల్లో ఒక్కటి చెడినా చాలు, జబ్బు బయటపడుతుంది. కాబట్టి నా వంటివాడికి పుట్టే ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, సగం అవకాశం. అమ్మాయికి వచ్చింది, తర్వాత పుట్టిన అబ్బాయికి రాలేదు. వాడి పళ్ళు గుమ్మడి గింజల్లా తెల్లగా ఉన్నాయి. రానివాడు తన పిల్లలకు ఇవ్వడు. మా పెదనాయన సంతానంలో ఎవరికీ లేకపోవడానికి కారణం అదే.

ఇది తెలిసేదాకా మా ఆవిడ పడ్డ మాటలు ఇన్నీ అన్నీ కావు. ఆమె మా మేనమామ కూతురు. మేనరికం చేసుకున్నందుకే ఇలా జరిగిందని ఒకరు, కడుపుతో ఉన్నప్పుడు కాల్షియం మాత్రలు పారేసి ఉంటుందని ఒకరు, గ్రహణం రోజు బయట తిరిగిందని ఇంకొకరు. రెండు ప్రతులూ చెడితే తప్ప బయటపడని జబ్బుల విషయంలో మేనరికం భయం నిజమే. కానీ ఇది వచ్చింది మా నాయన వైపు నుంచి, ఆమె మా అమ్మ వైపు మనిషి. నేను ఏ పరాయి సంబంధం చేసుకున్నా ఇదే సగం అవకాశం. ఆ సంగతి కాగితం మీద గీసి చూపించినప్పుడు మా ఆవిడ ఏమీ అనలేదు, ఆ కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టుకుంది. మా నాయన మాత్రం రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నీళ్ళనైతే తిట్టుకోవచ్చు, ఇప్పుడు ఎవరిని తిట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

విదేశాల లెక్కల ప్రకారం ఆరు నుంచి ఎనిమిది వేల మందిలో ఒకరికి ఇది ఉంటుందట. ఆ లెక్కే మనకూ వర్తిస్తే, కోటి జనమున్న ఈ ఊళ్ళో వెయ్యిమందికి పైగా ఉండాలి. వాళ్ళందరూ నోటికి చేతులు అడ్డం పెట్టుకునే ఉన్నారేమో.

నువ్వడిగిన స్టీలు పళ్ళ దగ్గరికి వస్తాను. పన్ను బయటికి రాగానే అరుగుదల మొదలవుతుంది కనుక, అరిగాక చూద్దామనుకుంటే చేతికి ఏమీ మిగలదు. అందుకని పాపకు మూడేళ్ళు నిండకముందే ఎనిమిది పాల దవడ పళ్ళకూ స్టీలు క్యాపులు వేయించాం. ముందు పళ్ళకు పంటి రంగు పూత పూశారు. అది అప్పుడప్పుడూ ఊడుతుంది, మళ్ళీ వెళ్ళి పూయించుకుంటాం. ఆరేళ్ళకు వచ్చిన కొత్త దవడ పళ్ళకూ క్యాపులు పడ్డాయి. పెద్దయ్యాక పంటి రంగు క్యాపులు వేయవచ్చు, దవడ ఎదుగుదల ఆగాక అవసరమైతే ఇంప్లాంట్ల సంగతి ఆలోచించవచ్చు. ఖర్చు తక్కువేమీ కాదు. అంత పెట్టుకోలేనివాళ్ళకు మన అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. నా చిన్నప్పుడు ఇవేవీ తెలియక, అమ్మ నా పళ్ళు తెల్లబడాలని బొగ్గుపొడి, ఉప్పు పెట్టి పరపరా తోమేది. ఉన్న కాస్త పెంకూ అలా పోయిందని ఇప్పుడు తెలిసినా, ఆమెతో అనే ధైర్యం నాకు లేదు. ప్రస్తుతం నా పై దవడకు కట్టుడు పళ్ళు. వేళ్ళను పీకకుండా వాటి మీదే అమర్చారు, వేళ్ళుంటే ఎముక తొందరగా కరగదట. పళ్ళరిగి కుంచించుకుపోయిన ముఖం కాస్త పొడవు సాగి, మనిషినే మారినట్టున్నానని ఆఫీసులో అన్నారు.

పాప తన క్యాపులను వెండి పళ్ళంటుంది. బడిలో ఒక పిల్లవాడు వెక్కిరిస్తే, "మా నాన్న, మా తాత కొన్నారు, నీకు లేవు" అందట. తాత అన్న మాట విని మా నాయన ముసిముసిగా నవ్వాడు, నోరు మూసుకునే.

సంక్రాంతికి మీరందరూ తప్పకుండా రండి. ఇదివరకు మా నాయన వాటా సకినాలను అమ్మ వంటింటి మూల ఎవరూ చూడకుండా రోట్లో దంచి, వేడి టీలో వేసి ఇచ్చేది. ఈసారి రోలు వసారాలోకి వచ్చింది. దంచేది మా అమ్మాయి. దంచినవి ఒక డబ్బాలో, విరవనివి ఒక డబ్బాలో పక్కపక్కనే ఉంటాయి. నువ్వు ఏ డబ్బాలో చెయ్యి పెట్టినా సరే.

ఎప్పటికీ నీ
రూమ్మేట్