చివరి పేజీలు చిరిగిపోయినా నిలిచే నవల కావాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలోని పుస్తకాల పేజీని చాలా ఏళ్లుగా విడవకుండా చదువుతున్నాను. కవిత్వానికీ, ఆత్మకథలకూ, చరిత్ర గ్రంథాలకూ అక్కడ దక్కే శ్రద్ధ చూసి ఎన్నోసార్లు సంతోషించాను. అయితే ఈ మధ్య వచ్చిన రెండు మూడు సమీక్షలు చదివాక ఈ ఉత్తరం రాయక తప్పదనిపించింది. డిటెక్టివ్ నవలలనూ, థ్రిల్లర్లనూ, ప్రేమ నవలలనూ మీ సమీక్షకులు ఒకే గాటన కట్టి, కథను నాలుగు వాక్యాల్లో చెప్పి, ఏకబిగిన చదివిస్తుందనీ, ప్రయాణంలో మంచి కాలక్షేపమనీ ముగిస్తున్నారు. ఏకబిగిన చదివించడం తక్కువ పనేమీ కాదు. కానీ అలా చదివించిన నవల పాఠకుడితో నిజాయితీగా ఉన్నదా, లేక చివరిదాకా మభ్యపెట్టి వదిలేసిందా అన్నది ఎవరూ అడగడం లేదు. నాకు ఆ ప్రశ్నే ముఖ్యం.

మా చిన్నతనంలో నవలలు కొనుక్కునే స్తోమత మాకు లేదు. వీధి చివర ఉండే అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకునేవాళ్లం. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు మా ఇంట్లో మనుషుల్లాగే ఉండేవారు. అద్దె పుస్తకం పది చేతులు మారేసరికి అట్టతో పాటు చివరి పేజీలు కూడా ఊడిపోయేవి. ఒకసారి హంతకుడెవరో చెప్పే పేజీలే లేని డిటెక్టివ్ నవల ఒకటి మా చేతికి వచ్చింది. నేనూ మా అక్కా రెండు రోజులు వాదించుకున్నాం. ఆ రాత్రి ఎవరు ఎక్కడ ఉన్నారు, ఏ సంగతి ఎవరికి తెలిసే అవకాశం ఉంది, ఎవరి మాట ఎక్కడ తేడాగా ఉంది అని మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి చూసుకుని, చివరికి ఒక పేరు దగ్గర ఇద్దరం ఆగాం. కొన్నాళ్లకు మరో ప్రతి దొరికింది. మేం అనుకున్న మనిషే హంతకుడు. అప్పటి నుంచి ఏ డిటెక్టివ్ నవల చదివినా నా మనసులో ఒకటే పరీక్ష. చివరి పది పేజీలు చించేస్తే, మిగిలిన పేజీల్లో నిజం ఉంటుందా, ఉండదా?

ఇది నేనొక్కదాన్నే పెట్టుకున్న నియమం కాదు. 1929లోనే ఇంగ్లండు రచయిత రోనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకు పది సూత్రాలు రాసిపెట్టారు. డిటెక్టివ్ కంటపడిన ఆధారాన్ని పాఠకుడికి చూపకుండా దాచరాదన్నది వాటిలో ఒకటి. గుట్టును ఆఖరిదాకా కాపాడుకోవడం రచయిత హక్కే. ఆ గుట్టు తాలూకు ఆనవాళ్లను కూడా దాచేస్తే మాత్రం అది పాఠకుడికి చేసిన అన్యాయం.

గత పదిహేనేళ్లలో మన పుస్తకాల షాపులను నింపేసిన ఇంగ్లీషు థ్రిల్లర్లను ఈ పరీక్షకు పెడితే ఫలితాలు ఒక్కలా ఉండవు. 2012లో వచ్చిన జిలియన్ ఫ్లిన్ 'గాన్ గర్ల్' నెగ్గుతుంది. భార్య కనిపించకుండా పోయిన కథలో అసలు సంగతిని రచయిత్రి సగంలోనే బయటపెట్టి, మిగతా సగమంతా ఆ దంపతుల మధ్య సాగే పోరాటంతోనే మనల్ని కూర్చోబెడుతుంది. మలుపు తెలిసిపోయాక కూడా చదవవలసింది మిగిలి ఉండటమే ఆ నవల బలం. 2015 నాటి 'ది గర్ల్ ఆన్ ది ట్రైన్'లో రేచల్‌కు తాగుడు వల్ల ఆ రాత్రి సంగతులు గుర్తుండవు. ఆమెకే తెలియనిది మనకు తెలియకపోవడంలో మోసం లేదు. 2019లో వచ్చిన 'ది సైలెంట్ పేషెంట్' దగ్గర నాకు అభ్యంతరం ఉంది. భర్తను కాల్చి చంపి, ఆ తర్వాత నోరు విప్పని చిత్రకారిణి ఆలీషియా, ఆమె చేత మాట్లాడించాలని పూనుకున్న సైకోథెరపిస్టు థియో — ఇంత పట్టుగా మొదలైన థ్రిల్లర్‌ను ఈ మధ్య కాలంలో నేను చదవలేదు. కానీ కథ చెబుతున్న మనిషికి మొదటి నుంచీ తెలిసిన సంగతిని, ఏది ముందు జరిగిందో ఏది తర్వాత జరిగిందో తెలియకుండా అధ్యాయాలను అల్లి, మన కంట పడకుండా చేశారు. ముగింపు చదవగానే ఆశ్చర్యపోయాను. మర్నాడు మళ్లీ తిరగేస్తే ఆ ఆశ్చర్యం మనుషుల నుంచి కాక అధ్యాయాల అమరిక నుంచి పుట్టిందని తెలిసి మనసు చిన్నబోయింది. 2022 నాటి 'ది హౌస్‌మెయిడ్'లో పనిమనిషికి ఇచ్చిన అటక గదికి గడియ బయటివైపు ఉందని ముందే చెప్పడం మెచ్చుకోదగ్గ నిజాయితీ. అయితే ఆ గడియ ఉన్నంత గట్టిగా ఆ ఇంటి మనుషులు లేరు.

నేను అందరికీ చదవమని చెప్పే నవల జపాన్ నుంచి వచ్చింది. కీగో హిగాషినో రాసిన 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' అక్కడ నవోకి పురస్కారం పొందింది. 2011లో ఇంగ్లీషులోకి వచ్చింది. 2023లో హిందీలో సినిమా కూడా అయింది. హత్య మొదట్లోనే, మన కళ్ల ముందే జరుగుతుంది. యసుకో అనే ఒంటరి తల్లి, తనను వేధిస్తున్న మాజీ భర్తను చంపుతుంది. పక్క ఫ్లాటులో ఉండే లెక్కల మాస్టారు ఇషిగామి ఆమెను కాపాడడానికి పూనుకుంటాడు. హంతకులెవరో మనకు తెలుసు, ఎందుకు చంపారో తెలుసు, ఇక దాచడానికేముంది అనుకుంటాం. ఇషిగామి తన పరీక్షల్లో చూడటానికి జ్యామితి లెక్కలా ఉండి నిజానికి బీజగణితంతో తేలే ప్రశ్నలు ఇస్తుంటాడన్న మాటను రచయిత కథ మధ్యలో మామూలుగా చెప్పేసి ముందుకు వెళ్లిపోతారు. నవల తాళంచెవి అదే. దాన్ని మన చేతిలోనే పెట్టారు, మనమే గుర్తించలేదు. ఈ పుస్తకం చివరి పేజీలు చిరిగిపోయినా, ఓపిక ఉన్న పాఠకుడు ఆ మాట దగ్గరికి తిరిగి వెళ్లి ఆలోచిస్తే దారి దొరుకుతుంది.

పైగా అది ప్రేమ నవల కూడా. యసుకో అడగని త్యాగాన్ని ఇషిగామి ఆమె మీద మోపుతాడు. అది ప్రేమా, ఆమెకు జీవితాంతం తీరని రుణమా అన్నది నన్ను చాలా రోజులు వదలలేదు. మన భాషలోనూ ఈ రెంటినీ కలిపి నడిపిన నవలలు ఉన్నాయి. యండమూరి వీరేంద్రనాథ్ గారి 'వెన్నెల్లో ఆడపిల్ల'లో చదరంగం ఆటగాడు రేవంత్‌కు రమ్య తన ఫోన్ నంబరు కనుక్కోమని పందెం పెట్టినప్పుడు, పెన్సిలూ కాగితమూ తీసుకుని అతనితో పాటు లెక్కలు కట్టిన పాఠకుల్లో నేనూ ఒకదాన్ని. పాఠకుడిని పక్కన కూర్చోబెట్టుకుని ఆలోచింపజేసే ఆ మర్యాద ఇప్పటి తెలుగు థ్రిల్లర్లలో నాకు అరుదుగా కనిపిస్తోంది. ఈ మధ్య చదివిన ఒకదానిలో అంతవరకూ ఊసైనా లేని కవల సోదరుడు చివరి అధ్యాయంలో ఊడిపడ్డాడు. వివరాల్లో శ్రద్ధ కూడా ఆ మర్యాదలో భాగమే. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. హత్యకు శిక్ష చెప్పేది ఇప్పుడు 103వ సెక్షన్. ఆ తేదీ తర్వాత జరిగే నేరానికి కథలోని ఎస్సై ఇంకా పాత ఐపీసీలోని 302వ సెక్షన్ కింద కేసు రాస్తుంటే, మిగతా ఆధారాలనైనా నేను ఎలా నమ్మాలి?

ప్రేమ నవలల్లో నిజాయితీ అంటే వేరే. అక్కడ ముగింపు అందరికీ ముందే తెలుసు. ఆ ఇద్దరూ కలుస్తారు. ఎందుకు కలవాలో నమ్మించడమే రచయిత పని. కొలీన్ హూవర్ 2016లో రాసిన 'ఇట్ ఎండ్స్ విత్ అస్' గురించి చాలామంది తేలిగ్గా మాట్లాడటం విన్నాను కనుక చెబుతున్నాను, అది తేలికైన పుస్తకం కాదు. బోస్టన్‌లో పూల దుకాణం నడిపే లిలీ, న్యూరోసర్జన్ రైల్‌ను ప్రేమించి పెళ్లి చేసుకుంటుంది. అతని చెయ్యి మొదటిసారి లేచేసరికి లిలీతో పాటు మనమూ అతన్ని ఇష్టపడిపోయి ఉంటాం. ఆమె ఎందుకు సర్దిచెప్పుకుంటోందో మనకు లోపలి నుంచి అర్థమవుతుంది. కూతురు పుట్టాక ఆమె తీసుకున్న నిర్ణయం అందుకే అంత బరువుగా తగులుతుంది. అలాంటి పుస్తకాన్ని ఆధారం చేసుకుని 2023 జనవరిలో రంగులు వేసుకునే పుస్తకం ప్రకటించి, పాఠకుల విమర్శ రాగానే వెనక్కి తీసుకున్నారు. విమర్శించిన పాఠకులు ఆ నవలను దాని ప్రచారకర్తల కంటే బాగా చదివారు.

మన ప్రేమ నవలలకు ఈ చూపు ఇంకా ఎక్కువ అవసరం. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'లో రాజశేఖరం కారునూ, దర్పాన్నీ గుర్తుపెట్టుకున్నంతగా, ఉద్యోగం చేసుకుంటూ తన ఆత్మగౌరవాన్ని వదులుకోనని పట్టుబట్టిన జయంతిని మనం గుర్తుపెట్టుకోలేదు. ఇప్పుడు ఫోన్‌లో రోజుకో భాగంగా వచ్చే తెలుగు ప్రేమ సీరియళ్లు మా కోడలూ నేనూ కలిసి చదువుతున్నాం. వాటిని రాస్తున్న ఆడవాళ్లలో కొందరి సంభాషణలు ఎంత సహజంగా ఉంటాయో చెప్పలేను. అయినా నేను చదివినవాటిలో చాలావాటిలో నాయకుడు ఆమె ఫోన్ లాక్కుంటాడు, ఉద్యోగం మాన్పిస్తాడు, బలవంతంగా తాళి కడతాడు. ఇరవై భాగాల తర్వాత అతని బాల్యంలోని ఒక దుఃఖాన్ని చెప్పి అన్నీ చెల్లు వేస్తారు. ఇది ప్రేమ అని ఇరవై ఏళ్ల పిల్ల నమ్మితే ఆ తప్పు ఆమెది కాదు. అది ప్రేమ కాదని పత్రికలో, పుస్తకాల పేజీలో, వాదనతో చెప్పేవాళ్లు లేకపోవడమే నా బాధ.

అందువల్ల నా విన్నపం ఏమిటంటే, నెలకు ఒక్క ఆదివారమైనా ఈ నవలలకు నిజమైన సమీక్ష ఇవ్వండి. ఆధారాలు ముందే ఉన్నాయా, మలుపు మనుషుల నుంచి పుట్టిందా, ప్రేమించానన్నవాడు ఎదుటి మనిషిని మనిషిగా చూశాడా అని సమీక్షకులు అడగాలి, నచ్చకపోతే ఎందుకో నిర్మొహమాటంగా రాయాలి. ముగింపు మాత్రం దయచేసి బయటపెట్టవద్దు. రెండు వారాల కిందట మీ పేజీలో వచ్చిన సమీక్ష మూడో వాక్యంలోనే హంతకుడి పేరు ఉంది; ఆ నవల అప్పటికి నేను సగమే చదివాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం