మాట గలగలా, పుస్తకం మాత్రం నత్తనడక: ఈ పిల్లల గురించి కొంచెం

తల్లిదండ్రులకు నమస్కారం.

మొన్నటి పేరెంట్స్ మీటింగులో చాలామంది ఇదే మాట అన్నారు. "సార్, నోటితో అడిగితే అన్నీ చెప్తాడు, పుస్తకం తెరిస్తే చాలు మొహం మాడ్చుకుంటాడు, ఒట్టి బద్ధకం." బద్ధకమని అంత తొందరగా తేల్చేయకండి. వీళ్లలో కొందరికి డిస్లెక్సియా ఉండొచ్చు. అది కంటి జబ్బు కాదు, తెలివి తక్కువతనమూ కాదు. మాటలోని శబ్దాలను విడదీసి అక్షరాలతో జత చేసే పని వీళ్లకు చాలా కష్టం, అంతే. తరచుగా కుటుంబాల్లో వస్తుంటుంది, కాబట్టి ఇంట్లో ఎవరైనా చిన్నప్పుడు ఇలాగే ఇబ్బంది పడి ఉంటే మొహమాటపడకుండా చెప్పండి.

తెలుగు దాదాపు రాసినట్టే చదువుతాం కాబట్టి ఈ పిల్లలు తప్పుల్లేకుండా చదివినా కూడబలుక్కుంటూ చదువుతారు, వాక్యం చివరికొచ్చేసరికి మొదట ఏముందో మరిచిపోతారు. రాసేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, 'మ' బదులు 'య' పడుతుంది. (చిన్న తరగతుల్లో ఇవి అందరూ చేసేవే, ఏళ్లు గడిచినా పోకపోతేనే ఆలోచించాలి.) ఇంగ్లిష్‌తో ఇంకా తంటా: 'కట్', 'పుట్' రెండింటిలోనూ ఉన్నది ఒకే 'యు' మరి!

తప్పు రాసిన పదానికి ఇంపోజిషన్ ఇవ్వడం ఈ నెల నుంచి మన స్కూల్లో ఆపేశాం, ఇంట్లోనూ ఆపండి. మెదడు టానిక్కులకు డబ్బు తగలేయొద్దు. అదే పాఠం ట్యూషన్‌లో మళ్లీ చెప్పించినా పెద్దగా ఒరిగేది లేదు. శబ్దం దగ్గర మొదలుపెట్టి, చూస్తూ, పైకి పలుకుతూ, అక్షరాభ్యాసం నాడు బియ్యంలో దిద్దించినట్టు వేలితో రాయిస్తూ, రోజూ కొంచెం కొంచెంగా వరసలో నేర్పాలి. మీరు చేయగలిగింది ఇంకొకటుంది, నాకైతే అదే ముఖ్యం: సైన్సు, సోషల్ పాఠాలు మీరు చదివి వినిపించండి. చదవడం వెనకబడిందని విషయం తెలుసుకోవడం కూడా వెనకబడకూడదు కదా.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా కూడా ఉంది. డిస్లెక్సియా ఉందని సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో 3 గంటల పేపరుకు గంట అదనంగా ఇస్తారు, అవసరమైతే రాసిపెట్టే మనిషిని కూడా. సర్టిఫికెట్ 8 ఏళ్లు నిండాకే ఇస్తారు, సాయం చేయడానికి మాత్రం అప్పటిదాకా ఆగనక్కర్లేదు.

అనుమానం ఉన్నవాళ్లు ఏ శనివారమైనా స్కూలు వదిలాక నా గదికి రండి. పిల్లల నోటుబుక్కులు తీసుకురండి, అందంగా మళ్లీ రాయించినవి కాదు, కొట్టివేతలతో ఉన్నవే.

మీ ప్రిన్సిపల్