రాళ్ళ తోట సంగతి

తల్లిదండ్రులకు నమస్కారం.

బళ్ళో మేం కడుతున్న రాళ్ళ తోట ఫొటో పెట్టి వారం రోజులుగా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గొడవ: "బళ్ళో పిల్లల చేత రాళ్ళు మోయిస్తున్నారేటి?" మోయించలేదండి. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల్లో మిగిలిన ముక్కలు ట్రాక్టర్‌లో తెప్పించి, కూలీలతోనే పేర్పించాం. పిల్లలు మోసినవి గుప్పెట్లో పట్టే గులకరాళ్ళు. ఫొటో తీసినవారు ఆ ట్రాక్టర్‌ని కూడా తీసి ఉంటే బాగుండేది.



ఇక తోట. అందులో పెంచుతున్నది విష్ణుక్రాంత, మెట్ట గట్ల మీద మనం తొక్కుకుంటూ పోయే మొక్కే. ఒక్క వేరు నుంచి సన్నటి కొమ్మలు నాలుగు పక్కలా నేల మీద పాకుతాయి. ఆకుల మీద వెండి నూగు, చిటికెన వేలి గోరంత నీలం పువ్వు. ఏళ్ళ తరబడి బతుకుతుంది కానీ వేరు దగ్గర నీరు నిలిస్తే ఓర్చుకోదు. అందుకే తోటని వాలుగా కట్టి, రాళ్ళ సందుల్లో ఎరువు కుక్కకుండా ఎర్రమట్టిలో సగానికి సగం ఇసుక కలిపాం. రాయి కింద మట్టి తొందరగా ఆరదు, వేరు ఆ చల్లదనంలోకి దిగుతుంది. ఫోన్‌లో చూసిన గులాబీ రంగు ఫ్లాక్స్ ఎందుకు వెయ్యలేదని ఒక నాన్నగారు అడిగారు. అది అమెరికా కొండవాలుల మొక్క సార్. గట్టి చలికాలం గడిచాక, వసంతంలో రాళ్ళ మీద పరుచుకుని పూస్తుంది. మన రోహిణీ కార్తెకి మాడిపోతుంది.

ఎనిమిదో తరగతి అమ్మాయిలిద్దరి గురించి చెప్పకుండా ఉండలేను. మొన్నటి అల్పపీడనం వానకి కింది వరస మొక్కలు కుళ్ళిపోయాయి. ఎందుకో చూద్దామని వాళ్ళే తవ్వారు. అడుగున బంకమట్టి, నీరు దిగే దారే లేదు. ఎవరూ చెప్పకుండానే ఆ మట్టి తీసేసి, గులకరాళ్ళు నింపి మళ్ళీ నాటారు. వాళ్ళ సైన్స్ మార్కులు చూసి ఇంట్లో తిట్టకండి, ప్లీజ్.

ఒక మనవి, ఏమీ అనుకోకండి. వినాయక చవితి ముందురోజు సగం మొక్కలు వేళ్ళతో సహా మాయం. 21 పత్రుల్లో విష్ణుక్రాంత ఉందని నాకూ తెలుసు. "బళ్ళో ఉందటగా, పట్టుకురా" అన్న ఆలోచన పిల్లలది కాదు కదా! పూజకి రెండు కొమ్మలు చాలు, కత్తెరతో కోస్తే మొక్క మళ్ళీ చిగురిస్తుంది. అడిగితే నేనే కోసి ఇచ్చేదాన్ని.

సాయంత్రం వచ్చి "పూలేవండీ?" అనేవారికి: ఈ పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. పిల్లల్ని ప్రార్థన గంటకి దింపితే మీకూ కనబడుతుంది, మాకూ హాజరు సరిగ్గా పడుతుంది.

మళ్ళీ నాటుతున్నాం. నాగావళి ఇసుక ఓ బస్తా ఇవ్వగలిగినవారు ఆఫీసులో చెప్పండి. కళింగపట్నం బీచ్ ఇసుక మాత్రం వద్దు, ఆ ఉప్పు కడిగే ఓపిక ఇక్కడ ఎవరికీ లేదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
శ్రీకాకుళం