ప్యానెల్‌లోని మెమరీ కార్డు గురించి అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి,

అమ్మ ఆశీస్సులు.

ప్లాంటులో యంత్రాలను నడిపించే కంట్రోలర్లయిన పీఎల్‌సీల నిర్వహణ బాధ్యత నీకు అప్పగించారని రాశావు. చాలా సంతోషం నాన్నా. ఆ రంగంలోనే పనిచేసినదాన్ని కనుక, అన్నిటికన్నా ముందు నీకు వాటి మెదడులాంటి సీపీయూలో ఉండే మెమరీ కార్డు గురించి చెప్పాలనిపించింది. చూడడానికి అది కెమెరాలో వేసే కార్డులాగే ఉంటుంది కాబట్టి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి పెట్టవచ్చని చాలామంది అనుకుంటారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. కార్డు మీద చెయ్యి వేసేముందు, ఈ కంట్రోలర్‌లో ఈ కార్డు ఏ పని చేస్తోంది అన్న ప్రశ్నకు నీ దగ్గర స్పష్టమైన జవాబు ఉండాలి.

ఆ జవాబు అన్ని కంట్రోలర్లకూ ఒకటి కాదు. సీమెన్స్ ఎస్7-1500లో ప్రోగ్రాం నిల్వ ఉండే లోడ్ మెమరీ పూర్తిగా ఆ కార్డే. అది లేకుండా సీపీయూ పనిచేయదు. అదే సంస్థ ఎస్7-1200 మాత్రం కార్డు లేకుండానే నడుస్తుంది. అందులో వేసే కార్డు మూడు రకాల పనుల్లో ఏదైనా చేయవచ్చు: ప్రోగ్రాంను తనలోనే ఉంచుకోవచ్చు, ప్రోగ్రాంను సీపీయూలోకి బదిలీ చేయవచ్చు, లేదా ఫర్మ్‌వేర్‌ను, అంటే సీపీయూ సొంత సాఫ్ట్‌వేర్‌ను మార్చవచ్చు. బదిలీ కార్డయితే పని పూర్తయ్యాక తీసేయాలి, ప్రోగ్రాం కార్డయితే తీయకూడదు. ఖాళీ కార్డు వల్ల ఏ హానీ ఉండదనుకోవడం కూడా పొరపాటే. ఎస్7-1200లో ఖాళీ కార్డు పెట్టి కరెంటు ఆపి మళ్లీ ఇస్తే, సీపీయూ తన లోపలి ప్రోగ్రాంను కార్డులోకి మార్చి, లోపలిదాన్ని చెరిపేస్తుంది. ఆ తరువాత ఎవరైనా అది ఖాళీ కార్డే కదా అని తీసేస్తే, యంత్రానికి ప్రోగ్రామే మిగలదు.

అయితే కార్డు పాడవడం కన్నా, బాగున్న కార్డులో పాత ప్రోగ్రాం ఉండిపోవడమే నన్ను ఎక్కువ భయపెడుతుంది. రాక్‌వెల్ కంట్రోల్‌లాజిక్స్‌లో కార్డులోని ప్రోగ్రాంను ఎప్పుడు లోడ్ చేసుకోవాలో మనమే నిర్ణయిస్తాం: కరెంటు వచ్చిన ప్రతిసారీనా, కంట్రోలర్ మెమరీ చెడినప్పుడు మాత్రమేనా, లేక మనం ఆదేశించినప్పుడేనా అని. మొదటిది ఎంచుకొని ఉంటే, ఆన్‌లైన్‌లో, అంటే కంట్రోలర్ నడుస్తుండగానే మనం చేసిన సవరణలను మళ్లీ కార్డులో భద్రపరచకపోతే, వచ్చే షట్‌డౌన్ తరువాత యంత్రం పాత ప్రోగ్రాంతోనే మొదలవుతుంది. సెట్ పాయింట్ల (మనం నిర్ణయించి పెట్టే లక్ష్యాల) వంటి విలువలు కూడా కార్డులో భద్రపరచిన నాటివే వస్తాయి. ఏ దీపమూ ఎర్రగా వెలగదు, ఏ అలారమూ మోగదు. ప్రమాదకర స్థితిలో యంత్రం నడవకుండా అడ్డుకునేందుకు ఎవరో ఎంతో ఆలోచించి చేర్చిన ఇంటర్‌లాక్ మాత్రం అక్కడ ఉండదు. అందుకే ప్రోగ్రాంలో మార్పు చేసిన రోజే కార్డులోని ప్రతిని కూడా మార్చు. అది పూర్తయ్యేదాకా పని ముగిసినట్టు రిజిస్టర్‌లో రాయకు.

ఇక తీయడం, పెట్టడం. ఎస్7-1200లో నడుస్తున్న సీపీయూలో కార్డు పెట్టినా అది స్టాప్‌లోకి, అంటే ప్రోగ్రాం నడవని స్థితిలోకి వెళ్తుంది. ఎస్7-1200, 1500 రెండింటిలోనూ నడుస్తుండగా కార్డు లాగేస్తే కూడా యంత్రం ఆగిపోతుంది. అవుట్‌పుట్‌లు ఒక్కసారిగా ఆఫ్ అయినప్పుడు కవాటాలు, మోటార్లు ఏ స్థితికి వెళ్తాయో తెలియకుండా ఆ పనికి పూనుకోవద్దు. ఆపరేటర్‌కు చెప్పి, ప్రక్రియను క్రమంగా ఆపించి, సీపీయూను స్టాప్‌లో పెట్టి, వీలైతే కరెంటు కూడా తీసేసి, అప్పుడే కార్డు తియ్యి. కార్డుపై రాత జరుగుతుండగా దాన్ని తీసినా, కరెంటు పోయినా అందులోని సమాచారం చెడిపోవచ్చు. కంట్రోల్‌లాజిక్స్‌లో కార్డు పనిని చూపే ఎస్‌డీ దీపం మిణుకుమంటూ ఉంటే ఆగమనే అర్థం. కరెంటు ఉండగా కార్డును కదిపితే చిన్న విద్యుత్ మెరుపు పుట్టవచ్చు. మండే వాయువులున్న చోట అదే పేలుడుకు కారణం కాగలదు కాబట్టి, అక్కడ కరెంటు తీసి, వాయువులు లేవని నిర్ధారించుకున్నాకే పని చేయాలి.

బయటికి తీసిన కార్డును ల్యాప్‌టాప్‌లో పెట్టినప్పుడు ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడిగితే, ఎట్టి పరిస్థితిలోనూ సరే అనవద్దు. సీమెన్స్ వారి సిమాటిక్ కార్డును విండోస్‌తో ఫార్మాట్ చేసినా, అందులోని ‘లాగ్’, ‘సీఆర్‌డీఇన్ఫో’ అనే ఫైళ్లను చెరిపేసినా ఆ కార్డు సీపీయూకు ఇక పనికిరాదు. ఆ ఫైళ్లు సాధారణంగా కంటికి కనిపించవు, కనిపించేలా అమర్చుకున్నవారే అనవసరమని తుడిచేస్తుంటారు. ఫార్మాట్ చేయవలసి వస్తే సీమెన్స్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ అయిన టీఐఏ పోర్టల్ ద్వారా సీపీయూలోనే చెయ్యి.

సీపీయూ చెడిపోయి కొత్తది వేసినప్పుడు పాత కార్డు అందులో పెడితే అంతా తిరిగి వచ్చిందని అనుకోకు. ఎస్7-1500లో కరెంటు పోయినా నిలవవలసిన విలువలు కార్డులో కాక సీపీయూలో ఉంటాయి. కౌంటర్లు, బ్యాచ్ లెక్కలు వాటితోపాటే పోతాయి. ప్రోగ్రాంను కార్డు సీరియల్ నంబరుకు ముడిపెట్టే రక్షణ కూడా ఉంది. అది వాడి ఉంటే వేరే కార్డులోకి కాపీ చేసినది నడవదు. స్పేర్ కార్డులు సిద్ధం చేసేముందు ఈ రెండూ చూసుకో.

స్థిర విద్యుత్తు విషయంలోనూ జాగ్రత్తగా ఉండు. మన చేతికి చురుక్కుమనడానికి దాదాపు 3,000 వోల్టులు కావాలి, కొన్ని ఎలక్ట్రానిక్ భాగాలు చెడిపోవడానికి 100 వోల్టులు కూడా అక్కర్లేదు. ఎర్త్ చేసిన లోహాన్ని తాకి, కార్డును అంచులతో పట్టుకో, మెరిసే కాంటాక్టులను ముట్టుకోకు. కార్డుపై సమాచారం ఎన్నిసార్లు రాయవచ్చన్నదానికీ హద్దు ఉంది కాబట్టి, డేటా లాగింగ్‌ను (విలువలను కార్డులో నమోదు చేయడాన్ని) అవసరానికి మించి తరచుగా పెట్టవద్దు.

ప్రతి కార్డుపై యంత్రం పేరు, ప్రోగ్రాం వెర్షన్, తేదీ రాసిన చీటీ ఉండాలి. ప్యానెల్‌కు తాళం ఉండాలి. కార్డు చేతికి చిక్కినవాడికి మన ప్రోగ్రాం మొత్తం చిక్కినట్టే. వచ్చే షట్‌డౌన్‌లోపు మీ కంట్రోలర్లలో ఎన్ని కరెంటు వచ్చిన ప్రతిసారీ కార్డు నుంచి లోడ్ అయ్యేలా ఉన్నాయో చూసి, జాబితా తయారుచేసి నాకూ పంపు, కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ అమ్మ